పిల్లలతో కొండ మీద మొదటి రాత్రి

మాది శ్రీకాకుళం జిల్లా పలాస పక్కనున్న కాశీబుగ్గ. నేను బట్టలు కుడతాను. మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. చలికాలం పొద్దున్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఉత్తరం వైపు మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. ఒకరోజు మా చిన్నది అటే చూస్తూ అడిగింది, "అమ్మా, రాత్రయితే అక్కడ ఎవులుంటారు?" అని. నాకు జవాబు తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ కొండని చూస్తున్నాను గానీ ఒక్క రాత్రి కూడా అటువైపు పడుకోలేదు. మరుసటి ఏడు డిసెంబరులో నలుగురం వీపున సంచులేసుకుని బయల్దేరాం. పెద్దోడికి అప్పుడు పదకొండు, చిన్నదానికి ఏడు. ఆ తరవాత ఇంకో మూడుసార్లు వెళ్లొచ్చాం. జాకెట్లు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్లు "పిల్లల్తో ఎలాగెల్లారు, ఏటేటి పట్టుకెల్లారు?" అని అడుగుతూనే ఉంటారు. మిషను ఆపి వాళ్లకి చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

కొండ అనగానే అందరికీ ఎక్కడం గురించే బెంగ. పగలు ఎలాగోలా గడిచిపోతుంది. అలిసిపోతే కూచుంటాం, మరీ చేతకాకపోతే వెనక్కి తిరుగుతాం. చీకటి పడ్డాక ఆ వీలు ఉండదు. ఏది మర్చిపోయామో తెల్లారేదాకా అది లేకుండానే ఉండాలి. అందుకే నేను రాత్రి నుంచి మొదలెట్టి వెనక్కి లెక్క వేస్తాను. ఎక్కడ పడుకుంటాం? నీళ్లు ఎంత దూరం? కింద నుంచి వచ్చే చలికి ఏం పరుస్తాం? అర్ధరాత్రి పాప లేస్తే ఎటు తీసుకెళ్తాను? ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే మిగతా సామాను సంగతి.

చోటు, కాలం

మొదటిసారే మహేంద్రగిరి శిఖరం పెట్టుకోకండి. దాని ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంది. పైన భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగులకి ఆ కొండ మీది గోకర్ణేశ్వరుడు కులదైవం. మనవాళ్లకి ఆ కొండ మీద మనసుండడం సహజమే. శివరాత్రికి వేలమంది ఎక్కుతారు కాబట్టి భయం లేదనుకుని ఆ రోజే పిల్లల్ని తీసుకెళ్దామని చాలామంది అంటారు. నేను వద్దంటాను. ఆ రాత్రి పడుకోడానికి చోటుండదు, నీళ్ల దగ్గర తొక్కిసలాట, చీకట్లో చెయ్యి జారితే పిల్లని వెతకడం ఎంత కష్టమో ఊహించుకోండి.

మేం మొదటిసారి మందస ఏజెన్సీలో, కొండల మొదటి వరసలో ఉన్న ఒక గూడకి వెళ్లాం, అంటే సవర గిరిజనుల చిన్న ఊరు. బండి ఆగినచోటు నుంచి నాలుగు కిలోమీటర్ల నడక. గూడ చివర పొలం గట్టు మీద టెంటు వేసుకున్నాం. మర్నాడు పొద్దున్న సంచులు అక్కడే వదిలేసి ఉత్త చేతులతో రెండు గంటలు పైకి ఎక్కి దిగాం, మధ్యాహ్నానికి ఇంటిదారి పట్టాం. మొదటి రాత్రికి ఇంతకన్నా అక్కర్లేదు. కేకేస్తే వినపడే దూరంలో మనుషులుంటే తల్లికి నిద్ర పడుతుంది. నాకైతే అదే పెద్ద ధైర్యం.

గూడకి వెళ్తే ముందు అక్కడి పెద్దని కలిసి అడగండి. ఎక్కడ పడుకోవాలో, ఏ నీళ్లు తాగాలో, ఎటు వెళ్లకూడదో వాళ్లకే తెలుసు. ఉన్నందుకు డబ్బు ఇవ్వండి, వాళ్ల అనాసపళ్లో పసుపో చోళ్లో (రాగులు) కొనుక్కోండి. అడగకుండా ఆడవాళ్లకీ పిల్లలకీ ఫొటోలు తియ్యకండి. అడవిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మన వైపైతే కాశీబుగ్గ రేంజి ఆఫీసులో, అటు వైపైతే పర్లాకిమిడి డివిజనులో అడగాలి. అనుమతి అడగడానికి వెళ్లినప్పుడే ఇంకో సంగతి కూడా కనుక్కోండి: ఏనుగుల గుంపు ఎక్కడుంది? ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు సీతంపేట, కురుపాం కొండల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. అవి ఇటువైపు ఉన్నాయంటే ప్రయాణం మానుకోండి. కట్టిన మూటలు విప్పుకోడం చిన్నతనం కాదు.

కాలం సంగతికొస్తే, నవంబరు ఆఖరు నుంచి జనవరి ఆఖరు దాకా బాగుంటుంది. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబరులో పెట్టుకోకండి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న వచ్చింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస పక్కనే తీరం దాటింది. ఆ రాత్రి ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో మనకెవరూ చెప్పక్కర్లేదు. అదే తుఫాను వానకి గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. మార్చి నుంచి మే దాకా కూడా వద్దు. ఎండ సంగతి అటుంచండి, ఇప్పపువ్వు రాలేటప్పుడూ జీడిపళ్లు పండేటప్పుడూ ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. మందస, సోంపేట వైపు జీడితోటల్లో ఎలుగు మీదపడ్డ మనుషుల్ని మీరూ ఎరిగే ఉంటారు.

మేడ మీద ఒక రాత్రి

బయల్దేరే ముందు నెల మేం మా మేడ మీదే ఒక రాత్రి పడుకున్నాం. టెంటు అక్కడే మొదటిసారి విప్పాం, కర్రలు ఏది ఎందులో దూర్చాలో తెలుసుకోడానికి గంట పట్టింది. రెండోసారి ఇరవై నిమిషాలు. అదే గంట కొండ మీద పొద్దుగూకే వేళ పట్టి ఉంటే చీకట్లో పిల్లలు బిక్కమొహాలు వేసుకు కూచునేవాళ్లు. మేడ మీద ఉన్నంతసేపూ కిందికి దిగకూడదని నియమం పెట్టుకున్నాం. ఏం లోటొస్తే అది చీటీ మీద రాసుకున్నాం. ఆ రాత్రి రాసినవి: పాపకి తలగడ లేదు, నీళ్ల సీసా చీకట్లో దొరకలేదు, లైటు ఒక్కటే ఉంటే ఒకరు బయటికెళ్లగానే మిగతావాళ్లు చీకట్లో. అప్పటి నుంచి తలకి కట్టుకునే లైటు నలుగురికీ నాలుగు. పాపకి తలగడ అక్కర్లేదు, మర్నాటి బట్టలు గుడ్డసంచిలో కుక్కి ఇస్తే చాలు.

ఒక ఆదివారం నిండు సంచులు వేసుకుని శాలిహుండం కొండెక్కి దిగాం. పైనుంచి వంశధార చూసుకుంటూ పులిహోర తిన్నాం. పెద్దోడికి కొత్త బూట్లు మడమ దగ్గర కొరికి బొబ్బలేసింది అక్కడే తెలిసింది. కొత్త బూట్లతో కొండకి వెళ్లొద్దు, నెలరోజులు బడికి వేసుకెళ్లి మెత్తబడనివ్వండి. మడమ ఎర్రబడిందని పిల్ల చెప్పిన క్షణానే ఆగి సర్జికల్ టేపు అంటించాలి. "కొంచెం దూరమేలే, నడువు" అన్నామంటే బొబ్బ లేస్తుంది, ఆ తరవాత మోసుకెళ్లాల్సింది మనమే.

సంచికి నడుంపట్టీ

ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పిల్లలకి కొండ సంచులు కొనక్కర్లేదు, బడి సంచులే చాలు. కానీ బడి సంచికి నడుంపట్టీ ఉండదు, బరువంతా భుజాల మీద వేలాడుతుంది. గంట నడిచాక పిల్ల ముందుకి వంగిపోతుంది. నడుంపట్టీ ఉంటే బరువు తుంటి ఎముకల మీదికి దిగుతుంది.

సంచులు బాగుచేసే కొట్లో రెండంగుళాల వెడల్పు నైలాను పట్టీ, దానికి సరిపడే ప్లాస్టిక్ క్లిప్పు దొరుకుతాయి. సంచిని పిల్ల వీపున వేసి, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చేత్తో తడిమి చూసి, సంచి మీద సుద్దతో గీత పెట్టండి. ఎముకంటే పొట్ట దగ్గర కాదు, చేతులు నడుం మీద పెట్టుకున్నప్పుడు బొటనవేలికి గట్టిగా తగిలేది. పట్టీని రెండు ముక్కలు చేసి, ఆ గీత ఎత్తులో సంచికి చెరో పక్కా ఒక్కోటీ కుట్టాలి. ఒక్క వరస కుట్టు వేస్తే రెండు కిలోమీటర్లకే ఊడిపోతుంది. చదరంగా నాలుగువైపులా కుట్టి, ఆ చదరం లోపల మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా రెండు గీతలు కుట్టండి. మిషనుకి 18 నంబరు సూది పెట్టండి, మామూలు సూది విరిగిపోతుంది. తుంటికి ఆనేచోట పాత పరుపులోని ఫోము ముక్కకి నూలుగుడ్డ తొడుగు వేసి పట్టీకి కుట్టేస్తే ఒరుసుకోదు. కుట్టింది సరిగ్గా ఉందో లేదో చూడ్డం సులువే. క్లిప్పు బిగించాక భుజం పట్టీ కింద మీ వేలు దూరాలి. దూరకపోతే బరువు ఇంకా భుజం మీదే ఉందన్నమాట. నడుంపట్టీని ఇంకాస్త బిగించి, భుజం పట్టీలు వదులు చెయ్యండి.

దుప్పట్లు కూడా నేనే సంచుల్లా కుట్టాను. ఒక్కరు కప్పుకునే ఉన్ని దుప్పటి తీసుకుని పొడవునా మడిచి, అడుగూ ఒక పక్కా కుట్టేయాలి, పైన రెండడుగులు వదిలేయాలి. లోపల పాత నూలుచీర అస్తరు వేశాను. పిల్లలు నిద్రలో దుప్పటి తన్నేస్తారు, సంచి అయితే తన్నలేరు. అస్తరు పైనుంచి కింద దాకా వదులుగా ఉండాలి, బిగిస్తే కాలు కదపగానే చిరుగుతుంది.

ఎవరు ఎంత మొయ్యాలన్నది ఇంట్లో తూకం వేసి తేల్చుకోండి. పిల్ల తన బరువులో పదో వంతుకి మించి మొయ్యకూడదు. మా చిన్నది ఇరవై కిలోలు, కాబట్టి దాని సంచి రెండు కిలోలే: తన స్వెట్టరు, నీళ్ల సీసా, లైటు, బెల్లం వేరుశనగ ఉండలు. పెద్దవాళ్లకి అయిదో వంతు దాకా ఫరవాలేదు. నాది పది కిలోలు, మా ఆయనది పన్నెండు. టెంటు, పొయ్యి, బియ్యం లాంటి బరువైనవి వీపుకి ఆనుకుని మధ్యలో ఉండాలి. అడుగున పెడితే సంచి వెనక్కి లాగుతుంది.

నీళ్లు, తిండి

లీటరు నీళ్లంటే కిలో బరువు. నడిచే రోజు పెద్దవాళ్లకి మూడు లీటర్లు కావాలి, పిల్లలకి దాంట్లో సగానికి పైనే. ఇవన్నీ మోసుకెళ్లలేం. అందుకే రాత్రి ఉండేచోటికి దగ్గర్లో నీళ్లుండాలి అంటున్నాను. గెడ్డ (కొండవాగు) నీళ్లు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగకండి. గుడ్డలో వడకట్టి, తెర్లుతున్నప్పుడు ఒక నిమిషం ఆగి దించండి. క్లోరిన్ బిళ్ల వేస్తే అరగంట ఆగాకే తాగాలి. చలికాలం కదా, దాహం తెలియదు. నేను గంటకోసారి పిల్లలిద్దరి చేతా నా కళ్ల ముందే తాగిస్తాను. మూత్రం ముదురు పసుపుగా వస్తే తాగింది చాల్లేదని గుర్తు.

ఉద్దానం వాళ్లం, కిడ్నీల బాధ ఏంటో ఇంటింటా చూసినవాళ్లం. కాళ్లు నొప్పెడుతున్నాయని డైక్లోఫినాక్ లాంటి బిళ్లలు మింగకండి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ బిళ్లలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. కాళ్లకి కొబ్బరినూనె రాసి పడుకోండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

తిండికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. మొదటి మధ్యాహ్నానికి పులిహోర, రాత్రికి పులగం. పులగానికి బియ్యం, పెసరపప్పు ఇంట్లోనే వేయించి పసుపు, ఉప్పు, జీలకర్ర కలిపి మూట కడితే కొండ మీద నీళ్లు పోసి ఉడికించడమే. పొద్దున్నకి చోడిపిండి అంబలి, లేదా అటుకులూ బెల్లమూ. దారిలో నమలడానికి జీడిపప్పు ఉండనే ఉంది. మందస దాటుతూ కోవా కొనుక్కుంటే అక్కడే తినేయండి, సంచిలో పెట్టకండి. తీపి వాసనకి చీమలొస్తాయి, చీమల్ని తినడానికి ఎలుగొస్తుందని గూడలో తాత చెప్పాడు. అందుకే మిగిలిన తిండి టెంటులో ఉంచం. డబ్బాలో గట్టిగా మూతపెట్టి, అడిగి గూడలోనే ఒకరింట్లో ఉంచుతాం. వంటకి చిన్న గ్యాసు పొయ్యి వాడండి. డిసెంబరులో గడ్డి ఎండి ఉంటుంది, కట్టెలతో మంట వెయ్యకండి. పొయ్యి ఎప్పుడూ టెంటు బయటే. చలిగా ఉందని లోపల వెలిగిస్తే ఆ గ్యాసుకి నిద్రలోనే ప్రాణం పోతుంది.

నడిచే దారి

ఒక్క నియమం చాలు: ముందు చిన్నది నడవాలి. దాని వేగమే అందరి వేగం. మా చిన్నది ఎక్కుడు దారిలో గంటకి రెండు కిలోమీటర్ల కన్నా తక్కువే నడిచింది, పురుగుల దగ్గరా రాళ్ల దగ్గరా ఆగుతూ. నాలుగు కిలోమీటర్లకి మూడు గంటలు వేసుకున్నాం, అంతే పట్టింది. డిసెంబరులో మన వైపు అయిదున్నర లోపే పొద్దుగూకుతుంది, కొండ నీడలో ఇంకా ముందే. మూడున్నరకల్లా టెంటు వెయ్యడం మొదలెట్టాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి సగం దారి దాటకపోతే వెనక్కి తిరగాలని బయల్దేరే ముందే పిల్లలకి చెప్పి ఒప్పించాం. అక్కడికెళ్లాక చెబితే ఏడుస్తారు.

మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగుకి చూపు సరిగ్గా ఆనదు. ఎక్కువగా ఎదురుగా ఉన్నట్టుండి కనిపించినప్పుడే మీద పడుతుంది. మనుషుల అలికిడి దూరం నుంచే వినిపిస్తే చాలావరకు తప్పుకుంటుంది. తెల్లవారకముందు, చీకటి పడ్డాక నడవొద్దు. పిల్లలిద్దరి మెడలోనూ ఈల కట్టండి. దారి తప్పితే కదలకుండా దగ్గరున్న చెట్టుని పట్టుకుని నిలబడాలి, మూడేసి సార్లు ఊదాలి. ఇది మేడ మీదే ఆటగా ఆడించాం. ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఉండదు కాబట్టి ఎటు వెళ్తున్నామో, ఎన్ని గంటలకి తిరిగొస్తామో కాగితం మీద రాసి మా మావయ్యకి ఇచ్చాం. ఆ వేళకి ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే.

పాము కరిస్తే కట్టు బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏవీ చెయ్యకూడదు. కరిచిన కాలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రి ఏది దగ్గరో బయల్దేరకముందే కనుక్కుని ఉంచండి. బండి దారికి చేరగానే 108.

ఆ రాత్రి

కొండ మీద ఎంత చలి ఉంటుందో లెక్క ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పలాసలో రాత్రి 17 ఉంటే శిఖరం మీద 7 అనుకోవాలి. మేమున్నది అంత ఎత్తు కాదు, అయినా నేను పొరపాటు చేశాను. నేలని లెక్కలో వెయ్యలేదు.

సాయంత్రం టెంటు వేస్తుంటే గూడలో తాత ఒక మోపు ఎండుగడ్డి తెచ్చాడు. "డేరా కింద పరవండి బావు, నేల సల్లగుంటాది" అన్నాడు. పురుగులుంటాయేమోనని నేను వద్దన్నాను. పిల్లలకి ఫోము చాపలున్నాయి, మాకిద్దరికీ పాలిథిన్ పట్టా మీద ఒక దుప్పటి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. పైన రెండు దుప్పట్లున్నా వీపు మంచులో ఆనినట్టుంది. చిన్నది చాప మీద నుంచి దొర్లిపోయి పట్టా మీద ముడుచుకు పడుకుని ఉంది, పాదాలు పట్టుకుంటే ఐసు ముక్కలు. లేపితే పళ్లు టకటకలాడుతున్నాయి. తడి సాక్సులతోనే పడుకుందని అప్పుడు చూశాను. సాక్సులు విప్పేసి, పొడివి తొడిగి, దాన్ని నా దుప్పటి సంచిలోకి లాక్కుని పొట్టకి ఆనించుకున్నాను. మా ఆయన నాలుగు సంచులూ ఖాళీ చేసి మా కింద పరిచారు, ఆ సంచుల మీద మిగిలిన బట్టలన్నీ పరిచారు. అరచేతిలో రెండు బెల్లం ముక్కలు పెడితే తింది. పావుగంటకి పాదాల్లోకి వేడొచ్చింది. దాని ఊపిరి నెమ్మదించేదాకా నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

పొద్దున్నే తాత దగ్గరికెళ్లి గడ్డి వద్దన్నందుకు తప్పయిందని చెప్పాను. "డేరా లోన ఎయ్యమన్లేదమ్మా, కింద ఎయ్యమన్నాను" అన్నాడు. గడ్డి టెంటు అడుగుకి కింద ఉంటే పురుగు లోపలికి రాదు, చలి పైకి రాదు. ఇప్పుడు గడ్డి దొరికితే కింద పరుస్తాం, దొరక్కపోయినా ఒక్కొక్కరికీ తుంగచాపా దాని మీద ఫోమూ ఉంటాయి. కప్పుకునేదానికన్నా పరుచుకునేది మందంగా ఉండాలి.

ఇంకో మూడు సంగతులు కూడా ఆ రాత్రే తెలిశాయి. పడుకునేటప్పుడు వేసుకునే బట్టలు, సాక్సులు, మంకీ క్యాపు వేరే ప్లాస్టిక్ కవరులో మూటకట్టి, టెంటులోకి వెళ్లేదాకా ఎంత చలేసినా విప్పకూడదు. చలి అని టెంటు కిటికీలన్నీ మూసేస్తే మన ఊపిరి తేమే పైన పట్టి చుక్కలు చుక్కలుగా మీద పడుతుంది. దోమతెర జిప్పు వేసి, బయటి గుడ్డ కొంచెం తెరిచి ఉంచండి. ఆ జిప్పు మాత్రం ఎప్పుడూ వేసే ఉండాలి, కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకే వస్తుంది. బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున్న దులిపి తొడుక్కోండి.

దొడ్డికి పగటిపూటే చోటు చూసుకోవాలి. గెడ్డకి కనీసం అరవై మీటర్ల దూరంలో బొరిగెతో జానెడు లోతు గొయ్యి తీసి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. వాడిన ప్యాడ్లు పూడ్చొద్దు, రెండు కవర్లలో కట్టి ఇంటికి తెచ్చేయండి. చీకటి పడకముందే పిల్లలకి ఆ దారి రెండుసార్లు నడిపించి చూపించాను. రాత్రి చిన్నది లేచినప్పుడు నేను ముందు లైటుతో నేల చూసుకుంటూ, అది నా కొంగు పట్టుకుని నడిచింది. తిరిగొచ్చేటప్పుడు లైటు ఒక్క నిమిషం ఆపమంది. ఆపాను. తూర్పున చాలా దూరంలో, సముద్రం దగ్గర పడవల దీపాలు మినుకుమంటున్నాయి. కింద ఎక్కడో గెడ్డ చప్పుడు. "అమ్మా, ఇక్కడ రాత్రి మనమే ఉన్నాం" అంది.

తిరిగొచ్చాక

తెచ్చిన చెత్తంతా మీ సంచుల్లోనే వెనక్కి రావాలి. ఇంటికి రాగానే పిల్లలకి వేణ్నీళ్లు పోస్తూ చంకలు, గజ్జలు, చెవుల వెనక, మోకాళ్ల వెనక వెతకండి. పిడుదు లాంటి నల్లపురుగు అంటుకుని ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో నెమ్మదిగా లాగేయండి. టెంటు ఎండలో రెండురోజులు ఆరనిచ్చాకే మడవండి, తేమతో మడిస్తే బూజు పట్టి గుడ్డ చివికిపోతుంది. సంచులు విప్పేటప్పుడు వాడకుండా తిరిగొచ్చిన వస్తువులన్నీ ఒక పక్కన పెట్టి పుస్తకంలో రాసుకోండి. మా మొదటి జాబితాలో రెండు చీరలు, కిలో ఉల్లిపాయలు, స్టీలు గిన్నెలు మూడు, పెద్దోడి క్రికెట్ బ్యాటు ఉన్నాయి. రెండోసారి నా సంచి ఏడు కిలోలకి దిగింది.

ఏజెన్సీలో మలేరియా ఉంది. గడ్డిలో ఉండే సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరమూ ఉంది. రెండూ కుట్టిన రోజునే బయటపడవు, వారం రెండు వారాలు పట్టొచ్చు. తిరిగొచ్చిన తేదీని గోడ క్యాలెండరులో గుండ్రంగా చుట్టి ఉంచండి. ఆ తరవాత మూడు వారాల్లోపు ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా రక్తపరీక్ష చేయించండి. ఫలానా రోజు కొండలో పడుకున్నామని డాక్టరు అడక్కముందే మీరే చెప్పండి. ఒంటి మీద నల్లటి చెక్కుకట్టిన మచ్చ ఎక్కడైనా కనిపిస్తే అది కూడా చూపించండి.